నీలి హద్దు

రత్నప్రభ పదకొండేళ్లు బురదతో కాపురం చేసింది. ప్రయోగశాలలో ఆమె గది తలుపు తీస్తే ముందు చెరువు అడుగు మట్టి వాసన గుప్పుమనేది. నూట నలభై చెరువుల అంచుల నుంచి తెచ్చిన మట్టి గాజు సీసాల్లో వరసగా ఉండేది. ఒక్కో సీసా మీద చెరువు పేరు, తవ్విన లోతు, తేదీ ఆమె చేతిరాతలోనే ఉండేవి.

నీళ్లు నెలల తరబడి నిలిచిన నేలకి గాలి ఆడదు. అలాంటి చోట బతికే సూక్ష్మజీవులు వేరు. చెరువు ఎండిపోయినా, పైన మట్టి పోసి చదును చేసినా, అవి వదిలిన జిగురు డెబ్బై ఎనభై ఏళ్లు నేలలో అలాగే ఉంటుంది. ఆ సంగతి మొదట కనిపెట్టింది రత్నప్రభ. కానీ ఒక్క చోట పరీక్ష చెయ్యడానికి ఆమె పద్ధతిలో నలభై రోజులు పట్టేది. ఫలితం అంకెలుగా వచ్చేది. ఆ అంకెలు మరో శాస్త్రవేత్తకి తప్ప ఎవరికీ అర్థమయ్యేవి కావు.

ఆమె దగ్గర పరిశోధనకు చేరిన ఇందుమతి నాలుగో ఏట ఆ నలభై రోజుల్ని ఆరు చేసింది. ఆ జిగురు తగిలితే రంగు పుట్టించేలా ఒక నేల బ్యాక్టీరియాని మలిచి, ఎండబెట్టి పొడి చేసింది. నేల మీద చల్లి రోజూ నీళ్లు చిలకరిస్తే, ఒకప్పుడు చెరువున్న చోటు ఆరో రోజుకి నీలంగా తేలేది. లేని చోట మట్టి మట్టిలాగే ఉండేది.

మొదటిసారి సంస్థ వెనక ఖాళీ జాగాలో చల్లారు. ఆరో రోజు పొద్దున వచ్చి చూసేసరికి ఎండుగడ్డి మధ్య నీలం మడుగు ఒకటి పరుచుకుని ఉంది. తోటమాలి దాని చుట్టూ నడిచి, తన తండ్రి ఇక్కడే బర్రెల్ని కడిగేవాడని చెప్పాడు. డైరెక్టరు ఇందుమతి చెయ్యి పట్టుకుని ఊపాడు. అందరూ చప్పట్లు కొట్టారు. రత్నప్రభా కొట్టింది. కొడుతున్నంతసేపూ ఆమె పొట్టలో ఏదో సన్నగా కాలుతూనే ఉంది. ఆ పద్ధతి తనకి ఎందుకు తట్టలేదు? పదకొండేళ్లలో ఒక్కసారైనా అంకెల్ని రంగుగా మార్చాలని ఎందుకు అనుకోలేదు?

పత్రికలు దానికి నీలిపొడి అని పేరు పెట్టాయి. ఇందుమతి నీలిపొడి ఇందుమతి అయింది. వార్తల్లో అడుగున ఎక్కడో, 'డాక్టర్ రత్నప్రభ మార్గదర్శకత్వంలో' అని ఉండేది. రెండు మూడు వార్తల తర్వాత అదీ పోయింది. ఆ ఏడే ప్రభుత్వం కొత్త నిబంధన తెచ్చింది. పటాల్లో ఏమున్నా సరే, నీలిపొడి చూపిందే చెరువు హద్దు. హద్దు లోపల కొత్త కట్టడాలకి అనుమతి ఉండదు, పాతవి నెలలోపు ఖాళీ చేయాలి.

ఇంట్లోనూ ఇందుమతి మాటే. రత్నప్రభ కూతురు చైత్ర ఇంటర్ చదువుతోంది. ఆదివారం వస్తే ఇందుమతితో కలిసి తుంగచెరువుకి వెళ్లి పక్షుల్ని లెక్కపెట్టి వచ్చేది. ఇందక్క ఇలా అంది, ఇందక్క అలా నవ్వింది అంటూ అన్నం తింటున్నంతసేపూ చెప్పేది. ఒకరోజు మాటల మధ్య, ఇందక్క చెబితే మట్టి కూడా కథలా ఉంటుందమ్మా అంది. పదకొండేళ్లుగా ఆ మట్టినే చేతులకి పూసుకుని ఇంటికొస్తున్న రత్నప్రభ, మజ్జిగ పోసుకుంటావా అని అడిగి ఊరుకుంది.

ఫిబ్రవరిలో ఆమె ఒక సంగతి గమనించింది. ఒక వసతి గృహం వెనక నుంచి తెచ్చిన మట్టి నీలంగా మారింది. అక్కడ ఎన్నడూ చెరువు లేదు. వెళ్లి విచారిస్తే పాత సెప్టిక్ ట్యాంకు పగిలి, ఏళ్లుగా మురుగు నేలలోకి ఇంకుతోందని తెలిసింది. మురుగు నిలిచిన చోటా గాలి ఆడదు కాబట్టి అక్కడా అలాంటి జిగురే పుడుతుంది. రత్నప్రభ తొమ్మిది రోజులు గదిలోంచి కదలకుండా రకరకాల ద్రావణాలు పోసి చూసింది. చివరికి పనికొచ్చింది సున్నపు తేట. సున్నపు తేట పోస్తే చెరువు నీలం అలాగే ఉంటుంది. మురుగు నీలం పది నిమిషాల్లో ఊదా రంగుకి తిరుగుతుంది.

నోటుపుస్తకంలో తేదీ వేసి రాసుకుంది. మామూలుగా అయితే అప్పుడే లేచి పక్క గదిలోకి వెళ్లి ఇందుమతికి చెప్పాలి. లేచింది కూడా. అద్దం తలుపులోంచి చూస్తే ఇందుమతి చుట్టూ టీవీ వాళ్లున్నారు. ఎవరో ఆమె మెడ దగ్గర మైకు తగిలిస్తున్నారు. రత్నప్రభ వెనక్కి వచ్చి కూర్చుంది. ఒక్క రెండు నెలలు ఆగి, దీన్ని తన పేరుతో తానే ప్రచురించుకుందామనుకుంది. తనదంటూ ఒకటి ఉండాలి కదా అనుకుంది. నోటుపుస్తకం సొరుగులో పెట్టి తాళం వేసింది.

*

తుంగచెరువుకీ సిరిపురం కాలనీకీ మధ్య మూడున్నర ఎకరాల ఖాళీ నేల ఉంది. ఊరు పెరిగి పెరిగి చుట్టూ అంతా కట్టేశాక మిగిలిన ఒకే ఒక్క ఖాళీ అది. అందులో పద్దెనిమిది అంతస్తుల టవరు కడతామని ఒక బిల్డరు దరఖాస్తు పెట్టాడు. మాస్టర్ ప్లానులో అది పచ్చదనం కోసం వదిలిన జోను. దాన్ని నివాస జోనుగా మార్చమని అడిగాడు. ఊరి మధ్య ఖాళీలు నింపితేనే ఊరు పొలాల మీదకి పాకకుండా ఉంటుందని అతని వాదన. వినడానికి అదీ సబబుగానే ఉంది.

కాలనీ సంఘం అధ్యక్షురాలు రహీమున్నీసా టీచర్. ప్రభుత్వ పాఠశాలలో సైన్సు చెప్పి రిటైరయింది. ఆమె ఇంటి వరండాలోనే మీటింగు పెట్టారు. రెండేళ్ల కిందటి వానకి మూడు వీధుల్లో మోకాలి లోతు నీళ్లు వచ్చాయనీ, ఆ ఖాళీ నేల పీల్చుకోబట్టే అంతటితో పోయిందనీ ఒకాయన అన్నాడు. ముప్పై అడుగుల రోడ్డులో నాలుగు వందల ఇళ్ల కార్లు ఎలా పడతాయని ఇంకొకామె అడిగింది. వాళ్ల మురుగంతా చెరువులోకే కదా అని మరొకరు. వానాకాలంలో బాతులు ఆ తుంగలోనే గుడ్లు పెడతాయని చైత్ర తన లెక్కల పుస్తకం తీసి చూపించింది. ఆ మీటింగుకి ఇందుమతితో పాటు రత్నప్రభ కూడా వెళ్లింది. ఇందుమతి ఉండేది ఆ కాలనీలోనే, నాలుగో వీధి చివరింట్లో.

బిల్డరు జాగాలో పొడి చల్లితే చాలని అందరూ అన్నారు. ఇందుమతి ఒప్పుకోలేదు.

"చల్లితే కాలనీ మొత్తం చల్లాలె," అంది. "ఒక్క దిక్కే చల్లితే అది పరీక్ష కాదు, పగ అయితది."

కొందరు కుర్చీల్లో కదిలారు. తమ ఇంట్లో నీలం వస్తే ఏం చేయాలని ఒకాయన గొణిగాడు. చెరువుని మింగి ఇల్లు కట్టుకుని ఉంటే అది తెలుసుకోవలసిందేనని టీచర్ గట్టిగా చెప్పింది. ఇందుమతి కేసి ఆమె చూసిన చూపులో అంతులేని మురిపెం ఉంది. రత్నప్రభ తనకిచ్చిన టీ చల్లారిపోయేదాకా తాగలేదు.

పొడి చల్లారు. ఖాళీ నేలంతా, వీధులూ పెరళ్లూ అన్నీ. ఇళ్లలో గచ్చు సందుల్లో, మూలల్లో చల్లి తడిపారు. ఆరో రోజు పొద్దున కాలనీ అంతా వీధుల్లోకి వచ్చి నిలబడింది. మూడున్నర ఎకరాల్లో మూడు ఎకరాలకి పైగా నీలంగా ఉంది. చెరువు తన పాత ఒడ్డు తానే గీసుకున్నట్టు ఆ హద్దు వంకరలు తిరుగుతూ కాలనీ గోడకి పది అడుగుల అవతలే ఆగిపోయింది. జనం ఊపిరి పీల్చుకున్నారు.

ఒక్క చోట మాత్రం ఆగలేదు. నాలుగో వీధి వెంబడి నీలం చార ఒకటి తిన్నగా పోయి చివరింట్లోకి దూరింది. వంటగది గచ్చు సందులన్నీ నీలం. పొయ్యి గట్టు కింద నీలం. అది ఇందుమతి ఇల్లు.

ఇందుమతి తండ్రి ఎల్లస్వామి ముప్పై ఒక్కేళ్లు ఆర్టీసీ బస్సు నడిపాడు. ఆ నూట ఇరవై గజాల్లో ఇల్లు తానే దగ్గరుండి కట్టించుకున్నాడు. వంటగది గడప మీద చెయ్యి ఆనించి ఆ నీలాన్ని చూస్తూ ఉండిపోయాడు. అధికారులతో పాటు లోపలికొచ్చిన రత్నప్రభ కూడా చూసింది. చూడగానే ఆమెకి తెలిసింది. చెరువు పాయ అంత తిన్నగా సాగదు. ఆ వెడల్పు పాత మురుగు గొట్టం వెడల్పు. ఒక గ్లాసుడు సున్నపు తేట చాలు, పది నిమిషాల్లో తేలిపోతుంది.

ఆమె నోరు తెరవలేదు. లోపల కాలుతున్న చోట చల్లగా ఏదో తగిలినట్టయింది. ఆ చల్లదనానికి ఆమెకే భయం వేసి గబగబా బయటికి వచ్చేసింది.

మర్నాడు ఇందుమతి ఆమె గదికి వచ్చింది. నిద్ర లేక కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"మేడమ్, ఒక్క మాట. చెరువు లేకున్నా, మురుగుతోటి గిట్ల నీలం వచ్చే అవకాశం ఉన్నదా? మీరు ఎన్నడన్న చూసిండ్రా?"

సొరుగు రత్నప్రభ మోకాలికి ఆనుకునే ఉంది.

"నా దృష్టికైతే రాలేదు," అంది.

"మీరే చూడలేదంటే ఇంక లేనట్టే," అని ఇందుమతి తల ఊపింది. అది చెరువులోకి నీళ్లు తెచ్చే పాత కట్టు కాలువ అయి ఉంటుందనీ, తవ్విన కాలువ కాబట్టే తిన్నగా ఉందనీ తనకు తానే చెప్పుకుంది. నివేదికలో తమ ఇంటిని హద్దు లోపల చూపించి సంతకం పెట్టేసింది. ఒక్క ఇంటిని వదిలేస్తే ఎవరు అడుగుతారులే అని సహోద్యోగి ఒకాయన అంటే, మా ఇల్లు వదిలేస్తే రేపు బిల్డరు తన జాగా వదలమంటడు అని జవాబిచ్చింది.

ఆ సంతకం ఫొటో మర్నాడు పత్రికల్లో మొదటి పేజీలో వచ్చింది. సొంత ఇంటిని సైతం చెరువుకి ఇచ్చేసిన ఇందుమతి అని రాశారు. చైత్ర ఆ కాగితం కత్తిరించి తన బల్ల ముందు గోడకి అంటించుకుంది. రత్నప్రభ ఆ గదిలోకి దీపం ఆర్పడానికి వెళ్లి దాని ముందు చాలాసేపు నిలబడింది. ఇల్లు పోయినా గెలుపు ఆమెదే. ఇల్లు పోవడం వల్లే ఇంకా పెద్దదయింది. తను ఏం చేసినా ఆ పిల్లని చిన్నదాన్ని చెయ్యలేనని అర్థమై, రత్నప్రభకి ఏడుపు వచ్చినంత పనయింది.

ఖాళీ చేయడానికి ఇచ్చిన నెలలో ఎల్లస్వామి తలుపులూ కిటికీలూ తానే ఊడదీసుకున్నాడు. పదకొండు కిలోమీటర్ల అవతల ప్రభుత్వ క్వార్టర్లలో నాలుగో అంతస్తు ఇచ్చారు. చైత్ర సామాను మోయడానికి పోయింది. కూతుర్ని తీసుకురావడానికి వెళ్లిన రత్నప్రభని చూసి ఎల్లస్వామి పని ఆపి, తల గుడ్డ తీసి, ఒక కుర్చీ దులిపి వేశాడు.

"మా బిడ్డకు చదువు చెప్పినోళ్లు మీరు. మిమ్మల్ని ఒక్కటి అడగాలని ఉన్నది మేడమ్. గీ జాగల నీళ్లు నిలవంగ నేను ఎన్నడు చూడలే. పునాది తీసిననాడు మూడడుగులకే రాయి తగిలింది. మీ పొడి పొరపాటు పడదా?"

"పొడి అబద్ధం చెప్పదండీ," అంది రత్నప్రభ.

ఆ మాట నిజమే. అందుకే చెప్పడం సులువయింది. ఎల్లస్వామి సరేనని తల ఊపి, మళ్లీ స్క్రూడ్రైవరు అందుకున్నాడు. తిరిగి వస్తుంటే చైత్ర, ఆయన ఒక్కసారి కూడా ఇందక్కని తిట్టలేదమ్మా అని చెప్పింది. రత్నప్రభ కారు నడుపుతూ దారి తప్పి, వేరే వీధిలోకి తిప్పింది.

ఒక సోమవారం పొద్దున జేసీబీ వచ్చింది. మధ్యాహ్నానికి ఇల్లు లేదు.

*

బిల్డరు మనిషి ఒకడు ఆ కూల్చిన చోట ఫొటోలు తీసుకున్నాడు. గచ్చు లేచిపోయిన చోట పగిలిన పాత మట్టి గొట్టం, దాని చుట్టూ నల్లటి మురుగు బయటపడ్డాయి. కాలనీ రాకముందు అక్కడెక్కడో కూలీల గుడిసెలకి వేసిన గొట్టం అది. జోను మార్పు మీద బహిరంగ విచారణ పదిహేను రోజుల్లో ఉంది. బిల్డరు ఆ ఫొటోలతోనే వచ్చాడు.

విచారణ మునిసిపల్ ఆఫీసు హాల్లో జరిగింది. ముందు వరసలో కాలనీ వాళ్లు, వెనక ఎల్లస్వామి. రత్నప్రభ పక్క గోడ దగ్గర కూర్చుంది. బిల్డరు తరఫు వకీలు గొంతు పెంచకుండా మాట్లాడాడు. ఫొటోలు చూపించి, మురుగుకి కూడా ఈ పొడి నీలం తిరుగుతుందని తమ నిపుణులు తేల్చారన్నాడు. ఆ ఖాళీ నేలలో కూడా ఏళ్ల తరబడి మురుగు వదిలారు కాబట్టి అక్కడి నీలం చెరువుదని ఎలా నమ్మాలని అడిగాడు. ఈ పొడి పట్టుకుని ఒక పెద్దాయన ఇల్లు అన్యాయంగా కూల్చేశారని కూడా అన్నాడు. హాల్లో గుసగుసలు లేచాయి.

ఇందుమతి లేచి నిలబడింది. ముఖం పాలిపోయింది.

రత్నప్రభకి జరగబోయేది కళ్ల ముందు కనిపించింది. ఇందుమతి పేరు ఈ పూటతో పోతుంది. పొడి పేరు పోతుంది. తండ్రి ఇల్లు తానే కూల్పించిన కూతురనే మాట మిగులుతుంది. ఏడాదిగా రత్నప్రభ ఏది కోరుకుందో అది నడిచి ఎదురుగా వచ్చింది. తను చేయవలసిందల్లా కుర్చీలోంచి కదలకుండా ఉండడమే.

మురుగు సంగతి ముందే ఎందుకు పరీక్షించలేదని విచారణాధికారి అడిగాడు.

"అడిగిన సార్," అంది ఇందుమతి. "మా మేడమ్‌ను అడిగిన. చెరువు మట్టి గురించి ఈ దేశంల మేడమ్ కన్న ఎక్కువ తెలిసినోళ్లు లేరు. అట్ల రాదని చెప్పిండ్రు. ఆమె మాట మీద నేను ఎన్నడు రెండోసారి పరీక్ష చేయలే. తప్పు ఉంటే నాది, పరీక్ష చేయకపోవుడు నాది. మేడమ్‌ది కాదు."

హాల్లో వాళ్లంతా రత్నప్రభ వైపు తిరిగారు. ఎవరి ముఖంలోనూ అనుమానం లేదు. అంత పెద్ద మనిషి కూడా చూడలేకపోయిందే పాపం అన్నట్టు చూస్తున్నారు. టీచర్ అయితే జాలిగా తల పంకించింది. మూడో వరసలో చైత్ర ఉంది.

రత్నప్రభ లేచింది. అధికారి బల్ల ముందుకి నడిచింది.

"పొడిలో లోపం లేదండీ," అంది. "మురుగు నీలాన్ని వేరు చేసే పరీక్ష ఉంది. సున్నపు తేట. చెరువు నీలం అలాగే ఉంటుంది, మురుగు నీలం ఊదాగా మారుతుంది. ఫిబ్రవరి పందొమ్మిదిన నేనే కనిపెట్టాను. ఇందుమతి నన్ను అడిగింది ఏప్రిల్‌లో. నేను తెలిసీ లేదన్నాను."

అధికారి కలం ఆపాడు. ఎందుకు చెప్పలేదని అడిగాడు. ప్రచురించుకోవాలని, అని రత్నప్రభ మొదలుపెట్టి ఆగిపోయింది. చెప్పాలనిపించలేదండీ, అని మాత్రం అనగలిగింది.

వకీలు, ఇదంతా ఈ పూట అల్లిన కథ కావచ్చని అభ్యంతరం చెప్పాడు. అయితే అందరూ కలిసి వెళ్లి చూద్దామని అధికారి లేచాడు. ప్రయోగశాల నుంచి తెచ్చిన సున్నం ఒప్పుకోనని వకీలు పట్టుబడితే, రహీమున్నీసా టీచర్ తన ఇంట్లో తమలపాకులకి వాడే సున్నం డబ్బా తెచ్చింది. బకెట్లో కలిపి, తేట పడేదాకా ఆగి, సీసాల్లో వంచారు.

ముందు ఖాళీ నేల మీద పన్నెండు చోట్ల పోశారు. చోట్లు వకీలే చూపించాడు. పది నిమిషాలు గడిచాయి. పావుగంట గడిచింది. నీలం నీలంగానే ఉంది. ఒక్క చోట, పాత డ్రైనేజీ మూత పక్కన మాత్రం ఊదాకి తిరిగింది. అక్కడికే సున్నం గీత గీసి హద్దు సరిచేశారు.

తర్వాత నాలుగో వీధి చివరికి నడిచారు. కూల్చిన ఇంటిలో వంటగది గచ్చు ముక్క ఒకటి ఇంకా నేలకి అంటుకుని ఉంది. ఇందుమతి దాని ముందు కూర్చుని సీసా వంచింది. కాసేపు ఏమీ కాలేదు. ఆ తర్వాత గచ్చు సందుల అంచుల నుంచి మెల్లగా ఊదా రంగు పాకింది. పొయ్యి గట్టు ఉండిన చోటు మొత్తం ఊదా అయింది. ఖాళీ నేల దక్కిందన్న సంతోషం అప్పటిదాకా ముఖాల్లో ఉన్నవాళ్లు కూడా తల దించుకున్నారు.

ఎల్లస్వామి చాలాసేపు ఆ రంగునే చూశాడు. తర్వాత రత్నప్రభ దగ్గరికి వచ్చాడు. ఈసారి తల గుడ్డ తియ్యలేదు.

"ముప్పై ఒక్కేండ్లు బస్సు నడిపిన మేడమ్. బ్రేకు పడ్తలేదని తెలిసి గూడ చెప్పకుంట బండి తాళం చేతికిచ్చినోన్ని ఒక్కన్ని గూడ చూడలే."

ఆయన జవాబు కోసం ఆగకుండా కూతురి పక్కకి పోయి నిలబడ్డాడు. ఇందుమతి ఖాళీ సీసా చేత్తో పట్టుకుని ఇంకా కిందే కూర్చుని ఉంది. లేచాక రత్నప్రభ వైపు ఒకసారి చూసింది. కోపం కంటే ఎక్కువగా, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసి ముఖం తిప్పుకుంది.

*

జోను మార్పు దరఖాస్తు కొట్టేశారు. మూడు ఎకరాలు చెరువులో కలిపి చుట్టూ రాళ్లు పాతారు. మిగిలిన అర ఎకరంలో మూడంతస్తులు మించకుండా కట్టుకోవచ్చని బిల్డరుకి అనుమతి ఇచ్చారు. ఎల్లస్వామి స్థలం స్థలంగా తిరిగి వచ్చింది. ఇల్లు రాలేదు. అరవై ఏడేళ్ల వయసులో మళ్లీ పునాది నుంచి మొదలుపెట్టనని ఆయన చెప్పేశాడట. నాలుగో అంతస్తు మెట్లెక్కి దిగుతూనే ఉన్నాడు. నిబంధన మారింది. సున్నపు తేట పరీక్ష లేకుండా ఏ ఇంటినీ హద్దులో చేర్చకూడదని రాశారు. అప్పటికే హద్దులో పడిన వేరే ఊళ్లలోని ఇళ్లన్నీ మళ్లీ చూడాల్సి వచ్చింది. వాటిలో ఆరు అప్పటికే కూల్చేసి ఉన్నాయి.

సంస్థ రత్నప్రభ మీద విచారణ వేసింది. విచారణ పూర్తి కాకముందే ఆమె రాజీనామా ఇచ్చింది. సీసాలు అక్కడే వదిలేసింది. ఒకరోజు పోస్టులో ఇందుమతి పంపిన పరిశోధన వ్యాసం వచ్చింది. సున్నపు తేట పరీక్ష మీద. రచయితల్లో మొదటి పేరు రత్నప్రభది. తన పేరు తీసేయమని రత్నప్రభ ఫోను చేసింది. ఇందుమతి ఫోనులో పెద్దగా మాట్లాడలేదు. కనిపెట్టింది మీరే కాబట్టి తీసేస్తే అబద్ధమవుతుందని, కనిపెట్టిన తేదీ కూడా రాశానని చెప్పి పెట్టేసింది. రత్నప్రభ పేజీలు తిప్పింది. రెండో పేరాలో ఉంది. ఫిబ్రవరి పందొమ్మిది. దాని కిందే, పొరపాటున మొదటి ఇల్లు కూల్చిన తేదీ. ఇంకో మాట ఏదీ ఇందుమతి రాయలేదు.

చైత్ర నెలన్నర పాటు తల్లితో అవసరానికి మించి మాట్లాడలేదు. ఇందుమతి దగ్గరికీ పోవడం మానేసింది, ఏ ముఖంతో పోనని. వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం చెరువు దగ్గరికి ఒక్కతే పోయి, తడిసి వచ్చింది. చెరువు కొత్త రాళ్ల దాకా నిండిందనీ, నాలుగు వీధుల్లో ఎక్కడా నీళ్లు నిలవలేదనీ చెప్పింది. ఇందక్క అక్కడే ఉందనీ, గొడుగు పట్టిందనీ చెప్పింది. రత్నప్రభ తువ్వాలు తెచ్చి తల తుడవబోతే వద్దనకుండా కూర్చుంది.

"అమ్మా, ఒకటి అడగనా? ఇందక్క నీకేం చేసింది? అంత కోపం ఎందుకు నీకు?"

రత్నప్రభ చేతులు ఆగిపోయాయి. విచారణ సంఘం ఈ ప్రశ్ననే నాలుగు రకాలుగా అడిగింది. ప్రచురణ అనీ, పని ఒత్తిడి అనీ, నిర్ధారణ కాలేదనీ నాలుగు రకాలుగానే రాసి ఇచ్చింది.

"కోపం కాదు," అంది.

"మరి?"

"అసూయ."

ఆ మాట బయటికి అనడం అదే మొదటిసారి. చైత్ర తల తిప్పి తల్లి ముఖంలోకి చూసింది. రత్నప్రభ తువ్వాలు ఒళ్లో పెట్టుకుని కూతురి ఎదురుగా కూర్చుంది. సంస్థ వెనక ఎండుగడ్డి మధ్య నీలం మడుగు తేలిన పొద్దు, అందరితో పాటు తను చప్పట్లు కొట్టిన సంగతి దగ్గర మొదలుపెట్టి, ఏదీ దాచకుండా చెప్పడం మొదలుపెట్టింది.